జానెడంచు

కొర్లగుంటలో నా అంగడి గుమ్మం తక్కువెత్తు.
పొడుగోళ్లు తలొంచి లోపలికొస్తారు.
ధనభాగ్యమక్క మాత్రం
కొంగు కూడా సర్దుకోకుండా నేరుగా వచ్చేస్తుంది.
నాలుగడుగుల ఎనిమిది. అరవై రెండు నిండినాయి.
నడుం నించి నేలకి ముప్పై నాలుగంగుళాలు.

నేను జాస్తి కుట్టింది పొట్టోళ్లకే.
నేనూ అంతే కదా,
మిషను తొక్కాలంటే కుర్చీకి ఒక కాలు కోయించినా,
తర్వాత మిగతా మూడూ కోయించినా.
అందుకే నా దగ్గర సూత్రాలుండాయి,
అడిగినోళ్లకీ చెప్తా, అడగనోళ్లకీ చెప్తా.

సన్నంచు కట్టు. వేలెడు దాటనీవద్దు.
పువ్వు చిక్కుడు గింజంతే ఉండాల,
చేటంత పువ్వయితే మనిషి అగుపడదు,
పువ్వే బజారెంట పోతా ఉంటుంది.
చీర రంగే రవికె రంగు,
వేరేదేసినావా, నడిమికి నరికి రెండు తుంటలు చేసినట్టే.
చెయ్యి మోచేతికి పైనే ఆపాల.
కుచ్చిళ్లు ఐదు చాలు, సన్నంగా.
గంజి వద్దు.
గంజి పెడితే చీర నిలబడుతుంది, నువ్వు కూలబడతావు.
కొప్పు రొంత పైకి.
ఎత్తు చెప్పుల మాట ఎత్తొద్దు, మోకాళ్లు నీవి.

వయసయితే ఒక భుజం కిందికి జారతాది.
అది కొలతల పుస్తకంలో రాసుకుంటా,
నోటితో చెప్పను.

ఆ పొద్దు అక్క కవరు విప్పింది.
ఆరణి పట్టు. వంకాయ రంగు ఒళ్లు.
రెండు పక్కలా అంచు, కుంకుమెరుపు, జానెడు.
అందులో జరీ ఏనుగులు, ఒకదాని తోక ఒకటి పట్టుకొని.
"ఏందక్కా ఇది! మోకాళ్ల దాకా ఏనుగులే ఉంటాయి" అన్నా.

రుయాలో ముప్పై మూడేండ్లు నర్సు.
ఒంటికి తెలుపే, తెలుపుకి అంచే లేదు.
ఇంట్లో కట్టేవన్నీ ఎవురో తెచ్చిచ్చినవి,
పొట్టిదానికి పెద్దంచెందుకులే అని ఏరి తెచ్చినవి.
మొన్న గాంధీరోడ్డులో కూడా
అంగట్లో పిలగాడు అడక్కముందే సన్నంచులు దించినాడంట.
పై అరలోకి చెయ్యి చూపించిందంట అక్క.
స్టూలేసుకొని తీసినాడంట.

ఇంగేం చెప్పలా నాతో.
"కట్టుకుంటా ఖాసింబీ. దారి నువ్వు చూడు" అనింది.

సూత్రం చెప్పేదానికి నోరు తెరిచినా.
మూసినా.

చీర బల్ల మీద పరిచినా.
పై అంచు దోపుకునేదే, ఎవురికి కనపడతాది?
కానీ ఐదు గజాల పట్టు
పొడుగునా కోయాలంటే చెయ్యి ఆడలా.
అక్క స్టూలు మీద కూర్చొని
సూది గుచ్చేముందు చూసే మాదిరి చూస్తా ఉండింది,
"చూడొద్దు, గుచ్చెయ్" అనింది.

ఏడంగుళాలు కోసినా.
పట్టు తెగతా ఉంటే సన్నగా కీచుమంటాది.
పైట కాడికొచ్చేసరికి ఏటవాలుగా బయటికొచ్చేసినా,
భుజం మీద ఏనుగులు ఉండాల గదా.
కోసిన పట్టీలోంచి చేతులకి అంచేసినా,
చేతికి నాలుగేనుగులు,
మోచెయ్యి దాటి రెండంగుళాలు కిందికి.
నా సూత్రం నేనే తొక్కినా.

పరదా వెనక కట్టుకొని వచ్చింది.
నా అంగట్లో అద్దం నా ఎత్తుకే కొట్టించినా,
అందులో అక్క నిండా సరిపోయింది.
పొడుగు కనపడిందా అంటే, లేదు.
పొట్టిగానే ఉండింది.
ముందుకి తిరిగింది, వెనక్కి తిరిగింది,
పాదాల చుట్టూ ఏనుగులు కూడా తిరిగినాయి.
"గంజి?" అని అడిగింది.
"నీ ఇష్టం" అన్నా,
ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలా.

కూలిలో యాభై తగ్గించి ఇచ్చింది,
మిగిలిన పట్టీ నువ్వే ఉంచుకో అనింది.

రాత్రి షట్టరు దించినాక
బీరువా అడుగునించి నా నిఖా చీర తీసినా.
పచ్చది. ఇరవై ఏండ్లుగా దానికి దారి చూడలా నేను.
అంచు మీద టేపు పెట్టినా.
ఎనిమిది.

పొద్దున్నే కత్తెర సాన పట్టించాల.