జూన్‌ల హీటర్

రస్ అల్ ఖైమా. హ్యాంగర్ నీడ.
నీడంటే పేరుకే, రేకు కింద నలభై ఏడు.
స్పానర్ పట్టుకోవాలంటే ముందు
తడిగుడ్డల చుట్టి కాసేపు బతిమాలాలె.
నేను హీటర్ బాగుచేస్తున్న.

ఫోన్ల చెప్తే కోరుట్లల మా బావమరిది
నవ్వి నవ్వి పొరబోయిండు.
"అక్కడ గూడ చలిమంటనా బావా?"
ఎట్ల చెప్పాలె వానికి,
ఈ రెండింజన్ల చిన్న విమానం
జాగ్రోస్ కొండల మీదికెళ్లి పోతదని,
పన్నెండు వేల అడుగుల కాడ
జూన్ గూడ జనవరేనని,
దాని ముక్కుల ఒక చిన్న పొయ్యి ఉంటదని,
రెక్కల్ల ఉన్న పెట్రోలే గుక్కెడు తాగి
గొట్టం లోపల మండుతదని.

గొట్టం లోపల మంట.
గొట్టం బయట గాలి.
ఆ గాలే కాళ్ల కాడికి వెచ్చగ వస్తది.
నడుమ గోడ అప్పడమంత.

మా సూపర్‌వైజర్ నిశాంత, శ్రీలంకాయన,
పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపిండు:
పొగగొట్టం మూయాలె, పెట్రోలు కారే డ్రెయిన్ మూయాలె,
గాలి కొట్టాలె, ఆరు మీద ఆపాలె,
నలభై ఐదు సెకన్లు చూడాలె.
సూది కొంచెం దిగితే పుస్తకం ఏమనదు,
పాతదాన్ని పాతదానిగనే చూస్తది.
కూలబడితే మాత్రం కనికరం లేదు.

నేను తెలుగుల లెక్కబెడత.
ఇంగ్లిషుల అంకెలు తొందరపడుతయి.
పన్నెండు... పదిహేడు... పంతొమ్మిది...
ఇరవైకే సూది సున్నా కాడ పండుకున్నది.

సబ్బునీళ్లు తెచ్చిన.
ఈ పని నాకెవ్వలు నేర్పలే,
బస్టాండు పక్కన పంక్చర్ దుకాణంల
ఏడేండ్లు ట్యూబులు నీళ్ల ముంచినోన్ని.
బుడగ ఎక్కడుంటే పాపం అక్కడ.
అతుకు పక్కన, వెంట్రుకంత గీత.
లేచింది ఒకటి,
దాని వెనక ఇంకోటి,
పసిపిల్ల నోట్ల నురగ తీరుగ.

సాయంత్రం ఓనరు వచ్చిండు. శుక్రవారం ప్రయాణమట.
"ఇంతదానికేనా? కారితే వాసన వస్తది కదా,
అప్పుడు ఆపుకుంట."

దానికి వాసన ఉండదు సార్.

అంతవరకే అన్న.
లింబాద్రి సంగతి ఆయనకెందుకు?

లింబాద్రి, నా పక్క మంచపోడు,
చలికాలం రెండు నెలలు
ఒంటెల దొడ్డికి కావలి పోయిండు.
రాత్రిపూట ఇసుక మీద పండుకోనోళ్లకు
ఎడారి సగమే తెల్సు.
పెయింట్ డబ్బల బొగ్గులు రాజేసి,
పొగంత పోయి కణకణ ఎర్రగైనంక,
తెలివైనోడు, అప్పుడే లోపల పెట్టుకున్నడు.
తలుపు కింది సందుల తువ్వాల కుక్కిండు.
నిప్పు లేంది పొగ రాదని
చిన్నప్పుడు అందరం నేర్సుకున్నం.
పొగ లేని నిప్పు సంగతి
ఏ బడిల చెప్పలే.
తెల్లారి పోయి చూస్తే
చెంపలు ఎర్రగ, నిండుగ,
పెండ్లికి పోయొచ్చి పండుకున్నోని లెక్క.
తట్టి లేపిన. రెండుసార్లు లేపిన.
పెట్టెతోని పోయిన కాగితంల
కారణం అరబ్బీల ఉన్నది.
నాకు చదువ రాదు.

ఓనరు మొహం మాడ్చుకొని పోయిండు.
నిశాంత ఎర్రచీటి కట్టిండు.
కింద సంతకం నాది గూడ.

కొత్త గొట్టం వచ్చేసరికి జూలై పడ్డది.
ప్లగ్గు సందు కొలిచిన, నాజిల్ కడిగిన,
వేడి మీరితే ఆర్పే స్విచ్చును
నమ్మకుండ మూడుసార్లు చూసిన.
ఇరవై, ముప్పై, నలభై...
నలభై ఐదు కాడ సూది
పెట్టిన చోటనే, మొండిపోరని లెక్క.

ఇగ ఆఖరిది: మంట పెట్టి లోపల కూసొని చూసుడు.
బయట నలభై ఆరు. తలుపులు బిగించిన.
హీటర్ ఫుల్లు.
ముక్కుకు అందనిదాన్ని పసిగట్టే మీటరు ఒళ్లె.
చెమట కండ్లల్లకు కారుతుంటే
అద్దం అవతల నిశాంత చెయ్యి తిప్పి అడుగుతున్నడు,
ఎంత?

వేళ్లు చుట్టి సున్నా చూపిన.
చాలు, దిగు, అన్నడు.

ఇంకో నలభై ఐదు లెక్కబెట్టి దిగిన.