జనాంతికం

వాల్‌టాక్స్ రోడ్డులో
ఇస్త్రీపెట్టెలు బాగుచేసే కొట్టు మీద మేడగది.
సాయంత్రం ఆరున్నరకి మేం తొమ్మిదిమందిమి.
పగలంతా పెరియమేట్‌లో తోళ్ళకి నంబర్లు కొట్టి నేను,
సెంట్రల్లో పార్సిళ్ళు తూచి మునిరత్నం,
మందుల కొట్లో చీటీలు చదివి చదివి
ఎవరి చేతిరాతనీ నమ్మని పద్మాసిని.
ఎంత కడిగినా పోని వాసనల చేతులతో
మూడొందల ఏళ్ళ కిందటి లండన్‌లోకి
చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం.

తిరువేంగళం మాస్టారు సుద్దముక్క దగ్గర మహా పిసినారి.
గోరంత ముక్కతో 'సెటైర్' అని రాసి
కింద గీత గీయకుండా ఆదా చేసేవారు.
"అధిక్షేపమంటే తిట్టు కాదర్రా.
తిట్టుకి నోరుంటే చాలు.
దీనికి ముందుగా ఒక నమస్కారం కావాలి.
మన ఓనరుగారే ఉన్నారు,
కారే కప్పుని చూపించి
నీటివసతి ఉందని అద్దె పెంచిన ధర్మప్రభువు.
పొగుడుతూ పొండి.
పొగడ్త ఎక్కడ పగులుతుందో
ఐరనీ అక్కడ మొదలు."
బకెట్లో టప్‌మని ఒక చినుకు.
పద్మాసిని దాన్నీ నోట్సులో రాసుకుంది.

మాక్-హీరోయిక్ చెప్పడానికి
వీధిలోకొచ్చిన నీళ్ళ లారీ చాలింది.
పచ్చబిందె సేనాని, నీలిబిందె వీరపత్ని,
ట్యూబు చివర తెగిన వాషరు కోసం
రెండు అక్షౌహిణులు.
ఆ నాటకాల్లో పేరే గుణమట,
రోజూ బస్సు తప్పే నన్ను
ఆలస్యాంబ అన్నారు.
ఇంట్లో ఎవరూ నాకు అంత ఓపిగ్గా పేరు పెట్టలేదు.

'అసైడ్' నాడు మాత్రం లేచి నిలబడ్డారు.
"మనకి ఎప్పణ్ణుంచో ఉంది. స్వగతం ఒకటి, జనాంతికం ఒకటి.
వేళ్ళు నిలబెట్టి, ఉంగరంవేలు మడిచి
చెంపకి ఇలా అడ్డం పెడితే
రంగం మీద ఒక్కడికే వినపడుతుంది."
"మరి చివరి బెంచీకి, సార్?"
"వినపడుతుంది మునిరత్నం.
టికెట్టు కొన్నవాడి దగ్గర దాచకూడదు."

ఐప్పసి వానల్లో ఒక సోమవారం
ఓనరు కింద కొట్లో చెప్పి వెళ్ళాడు,
నెలాఖరుకి మేడ ఖాళీ, గోడౌన్ వస్తుందని.
కొట్టు అబ్బాయి మునిరత్నానికి చెప్పాడు.
మునిరత్నం మెట్ల మీదే మా అందరికీ.
పోర్షను అయ్యేదాకా సారుకి చెప్పొద్దనుకున్నాం.

ఆ సాయంత్రం పాఠం 'డ్రమాటిక్ ఐరనీ'.
"చూసేవాళ్ళకి తెలుసు. పాత్రకి తెలీదు.
వచ్చే ఏడు ఈ గోడకి సున్నం వేయిద్దామంటాడు పాపం,
హాలంతా గుటకలు మింగుతుంది.
ఉదాహరణ ఎవరైనా చెప్పండి."
ఎవరం చెప్పలేదు.
పద్మాసిని పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది.
మునిరత్నం ఫ్యాను వైపు చూశాడు,
కరెంటు లేని ఫ్యాను వైపు.

ఆ రోజు ఆయన కొత్త సుద్దముక్క తీశారు.
పొడుగాటిది, మొన విరగనిది.
ప్రతి మాట కిందా రెండేసి గీతలు.
నాకు అప్పుడైనా అనుమానం రావలసింది.

బకెట్ పారబోసే వంతు నాది.
అందరూ మెట్లు దిగుతున్నారు,
గొడుగుల కోసం తోసుకుంటున్నారు.
గుమ్మంలో నిలబడి మాస్టారు
వేళ్ళు నిలబెట్టి, ఉంగరంవేలు మడిచి
చెంపకి అడ్డం పెట్టుకున్నారు.
"ఆలస్యాంబా,
ఓనరు ముందు నాతోనే చెప్పాడు, శుక్రవారం.
పిల్లలకి చెప్పకు.
ఎంత బాగా నటిస్తున్నారో చూశావా."

వాళ్ళకి నేను చెప్పలేదు.
నెలాఖరు దాకా తొమ్మిదిమందిమీ
ఆయన ముందు తెలియనట్టే కూచున్నాం,
నేనొక్కదాన్నీ రెండు పాత్రలు వేస్తూ.

పరీక్షలో అసైడ్ వచ్చింది, అయిదు మార్కులకి.
నిర్వచనం రాశాను.
ఉదాహరణ దగ్గర
రెండు గీతలు గీసి వదిలేశాను.