ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం

వయోలా వరసలో చివరి కుర్చీ నాది.
ఇక్కణ్ణుంచి కర్రవాడి మోచెయ్యి కనిపిస్తుంది,
పక్కతలుపు కింద సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ రెంటినీ చూస్తూనే వాయిస్తున్నాను.

మా లియెపాయాలో గాలికి పనీపాటా లేదు.
సముద్రం మీంచి లేచి ట్రామ్ పట్టాల వెంట వచ్చి
ఎవరి గొడుగు దొరికితే వాళ్ళది విరిచి పోతుంది.
నవంబరు కచేరీలకు సగంమంది ఆలస్యమే.

బతికున్న స్వరకర్తకు మా దగ్గర దొరికేది ఏడు నిమిషాలు.
మొదటి ఏడు.
తరవాత పియానో, తరవాత విరామం, కాఫీ,
ఆపైన పోయి నూటయాభై ఏళ్ళైనవాడికి ముప్పావుగంట.
బయట ఆగిపోయినవాళ్ళని లోపలికి వదిలేది
ఆ ఏడూ అయ్యాకే.

వెల్తా ప్లూమెకి ఈ సంగతి
ముప్ఫై మూడో ఏటే తెలిసింది, ఇప్పుడు డెబ్భై ఒకటి.
రేవు పక్క సంగీతం బడిలో పిల్లలకి
"వేళ్ళు గుండ్రంగా, యాపిల్ పట్టుకున్నట్టు" అని చెప్పీ చెప్పీ
ఇంటికెళ్ళి వంటింటి బల్ల మీద
రొట్టెపొడి తుడిచి గీతల కాగితం పరిచేది.
పెన్సిల్ కంటే రబ్బరే ముందు అరిగేది.
సంతలో పొగబెట్టిన చేపలు చుట్టే కాగితాల్లో
ఓసారి తన రాతే, రెండో పుట, కనబడిందట.
నవ్వి, చేపతో సహా కొనుక్కుని తెచ్చుకుంది.

ఒకనాడు అడిగేశాను:
"మా వయోలాలకి ఎప్పుడూ ఒకే స్వరమేంటండీ,
పదకొండు గళ్ళ పొడవునా, ఉలుకూ పలుకూ లేకుండా?"
"గోడకి ఒక మేకు ఉండాలిగా" అంది,
"కోటు తగిలించుకోడానికి."
మేకు అనిపించుకోవడం నచ్చలేదు.
వాయించాను.

ఈ ఏడాది మళ్ళీ ఆమెకి ఏడు నిమిషాలొచ్చాయి.
అప్పటికే ఎడమచెవి పైస్వరాలు వదిలేసింది.
పిచ్చుకలు ఊరికే నోళ్ళు తెరుస్తున్నాయి, అనేది.
అక్టోబరంతా వచ్చింది గానీ హాల్లో కూర్చోలేదు.
కింద కోట్లగదిలో, రయీసా పక్కన, స్టూలు మీద.
రయీసా నౌకాదళం పేటలో పుట్టిన మనిషి.
లాత్వియన్ మాట్లాడుతుంది, అంకెలు మాత్రం రష్యన్‌లోనే.
ఏ కచేరీ అయినా ఆమె విన్నది తలుపు అవతల్నించే,
తడి ఉన్ని వాసనతో కలిపి.
"మంద్రం ఒక్కటే నాదాకా వస్తుంది" అందట,
"మిగతాది మీరు లోపలే అట్టేపెట్టుకుంటారు."

స్వరపత్రాలు చేతికొచ్చాక
ఆఖరి పుట తప్పుగా అచ్చయిందనుకున్నాం.
ఆరో నిమిషాన మూడో కొమ్మువాడు లేచి వెళ్ళాలి.
మెట్లు దిగాలి. కోట్ల మధ్య నిలబడి
మంద్రంలో, ఒక్క వాక్యం ఊదాలి.
పైన మేము ఆ మేకుని పట్టుకునే ఉండాలి.
తరవాత తలుపులు తీయమని రాసింది.
బూట్లు, దగ్గు, క్షమించండి క్షమించండి, కుర్చీల కిర్రు,
అన్నిటికీ గళ్ళు గీసింది గుమాస్తాలా.
ఆఖరి మనిషి కూర్చునేదాకా
కర్రవాడు చెయ్యి దించకూడదు.

రీగా నుంచి వచ్చిన కుర్రాడు, బేరమాడాడు:
"ఎవరూ ఆలస్యంగా రాకపోతే?"
"గాలినడుగు" అంది వెల్తా.

ఆ రాత్రి గాలి మాట నిలబెట్టుకోలేదు.
అందరూ వేళకే వచ్చి బుద్ధిగా కూర్చున్నారు.
కింద కొమ్ము పలికింది.
పైకొచ్చేసరికి అది సంగీతంలా లేదు,
పక్కింట్లో ఎవరో సామాను జరుపుతున్నట్టుంది.
తలుపులు తీశారు.
ఎవరూ లేరు.

కమాను చివరికొచ్చేసింది, తిప్పి పట్టాం.
మళ్ళీ తిప్పాం.
అప్పుడు వెలుగు గీత ఉండే చోట రెండు చెప్పులు.
రయీసా. చేతిలో ఎవరిదో నంబరు బిళ్ళ.
మమ్మల్ని చూసింది, దీపాల్ని చూసింది.
వెల్తా పక్క కుర్చీలో సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.
"కోట్ల దగ్గర ఎవరూ లేరు" అని గొణిగి
రయీసా వెళ్ళిపోయింది.

ఎవరూ కూర్చోలేదు గనక
ఎలా ముగించాలో ఎవరికీ తెలియలేదు.
కర్రవాడి మోచెయ్యి వణకడం చూశాను.
నేనైతే ఆ స్వరం మీదే ఉన్నాను.

పత్రికలో ఏడు నిమిషాలని వేశారు.
తొమ్మిదిన్నర.

కోటు కోసం దిగితే రయీసా మండిపడుతోంది:
"ఆ కొమ్ము అబ్బాయి గొట్టంలో నీళ్ళన్నీ
నా నేల మీద ఒంపి పోయాడు."
చూపించింది కూడా, గుండ్రంగా, చిన్న మడుగు.
తుడవలేదు మాత్రం.