అంకె

మార్కాపురంలో పలకలకు అంచులు తీసే పని నాది.
ముప్పయ్యేళ్ళు.
ఎందరు పిల్లలు నా చేతి మీదుగా
అ ఆలు దిద్దారో లెక్కలేదు.
ఇప్పుడు నాకో పలక మిగిలింది,
మూల పగిలింది, అమ్మకానికి పనికిరానిది.
తలుపు వెనక మేకుకు వేలాడుతుంది.
పొద్దున్నే దాని మీద నా అంకె వెయ్యాలి.

రాయి అరగదీసిన వేళ్ళు ఇవి.
సూది ఒకసారి గుచ్చితే రక్తం రాదు.
రెండోసారి గుచ్చి పిండాలి,
వట్టిపోయిన గేదెను పిండినట్టు.
నూట తొంభై. రెండొందల నలభై.
బడిలో ఎక్కువొస్తే మెచ్చుకునేవాళ్ళు.
ఈ బడిలో ఎక్కువొస్తే
కోడలు అన్నం కొలిచే గిన్నె మార్చేస్తుంది.
ఆయన ఏమీ అనడు. పలక వంక చూసి, నా వంక చూసి,
కండువా దులుపుకుని బయటికి పోతాడు.

"గాలెమ్మా, ఏం తిన్నావు?"
డాక్టరమ్మ తలెత్తకుండా అడుగుతుంది,
దొంగను అడిగినట్టు.
తిన్నది చెబుతా. తిననిదీ ఒప్పుకుంటా.
మా చెల్లెలి మనవరాలి పుట్టినరోజున
అరచేతిలో పెట్టిన పాలకోవా
కొంగున కట్టుకొచ్చి చీమలకు వేశా.
ఆ సంగతి ఎవరికీ చెప్పలా.
చెప్పినా నమ్మేట్టు లేదు మర్నాటి అంకె.

చిన్నప్పుడు పలక నల్లబడాలని
కాకిదొండాకు, బొగ్గు కలిపి రుద్దేవాళ్ళం.
ఇప్పుడు ఆ ఆకు పసరే తాగమంటారు వీధిలో.
ఒకరు మెంతులు, ఒకరు నేరేడు గింజలు.
ఆటో తోలే పిల్లోడు గూడా
కాలు తీసేసిన మేనమామ కథ చెప్పి
చిల్లర చేతిలో పెట్టాడు.

రాత్రుళ్ళు నాలుగుసార్లు లేస్తా.
నాలుగోసారి గడప మీదే కూర్చుంటా.
అరికాలికి నేల తెలియడం లేదు.
నా ఒంట్లో నేనే అద్దెకున్నట్టుంది,
రోజూ పొద్దున్నే బాడుగ అడుగుతోంది.
పోయిన నెల పన్నెండు రోజులు సూది ముట్టలా.
పాత అంకె చెరిపి, పది అటూ ఇటూ వేసి రాశా.
అబద్ధం కూడా గుండ్రంగా, నా దస్తూరీలోనే.

నిన్న మధ్యాన్నం షెడ్డులో
మిషను ఆపి చేతుల దుమ్ము కడుక్కుంటా
మస్తాన్‌బీ వేళ్ళు చూశా.
కొసల్లో నల్లటి చుక్కలు.
తనూ నావి చూసింది.
పదేళ్ళుగా ఒకే బల్ల, ఒకే చింతాకు పప్పు.
"ఎంత?" అని అడగబోయా.
అడగలా.
"ఎన్నాళ్ళ నించే?" అంది తనే.
అంతే. పలకల కట్ట మీద కూలబడి ఏడ్చా.
మేస్త్రీ చూస్తాడని కొంగు అడ్డం పట్టి
పక్కనే కూర్చుంది.
"నేనైతే మాత్రలు బియ్యం డబ్బాలో దాస్తానే" అంది.
ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఈ పొద్దున సూది గుచ్చా.
రెండొందల పదకొండు.
తగ్గిందో పెరిగిందో చూసుకుందామంటే
వెనక ఉన్నవేవీ నిజం కాదు.
రాశా. పక్కనే, చిన్నగా,
అంకె కానిది గూడా ఒకటి రాశా:
నిద్ర పట్టింది.
కోడలు చూసి, "ఇదేందత్తా?" అంది.
"బియ్యం కడుగు, చెప్తా" అన్నా.