కొండనాలుక

తెల్లారి నాలుగింటికి హార్బర్లో
కోనెం బుట్ట ముందు నిలబడి
తొమ్మిది వందలు అనబోతే
తొమ్మిది దగ్గరే గొంతు తెగిపోయింది.
మిగతా వందలు గాలి పాడుకుంది.

ఓలమ్మ, మసేనమ్మ గొంతుకేటైందని
ఎండుచేపల దాలమ్మ నవ్వింది.
పదిహేనేళ్లుగా ఈ కేకకే
బోట్లు దారి తప్పకుండా వస్తాయని పేరు నాది.
ఉప్పునీళ్లు పుక్కిలించమంది ఒకర్తి.
సముద్రమంత ఉప్పు పక్కనుండగా
గ్లాసులో చిటికెడు కలుపుకున్నాను.
మిరియాల చారు, శొంఠి కాఫీ, మెడకి పసుపు పట్టు.
ఏదీ దిగలేదు.
దిగనిది నొప్పి ఒక్కటే కాదని నాకు తెలుసు.

జ్ఞానాపురంలో నీ గది.
గూడ్సు బండి వెళ్తే
గ్లాసులు కబుర్లాడుకునే గది.
నువ్వు నవ్వుతూ అడిగావు, నేనూ నవ్వాను.
ఆ రాత్రి నా నోటికి కేకల పని లేదు.
ఎనిమిదో రోజుకి ఈ మంట.

అందరూ పడుకున్నాక
అద్దం ముందు ఫోను లైటు వేసి నోరు తెరిచాను.
మొప్పలెత్తి చూసి
ఏ చేప ఏ పూట చచ్చిందో చెప్పగలను.
నా నోరు నాకు తెలీదు.
ఎర్రటి గుహ.
అందులో కొండనాలుక
చాడీ చెప్పబోయి ఆగిన పిల్లలా వణుకుతోంది.
పక్కన ఒక తెల్లని చుక్క.
చుక్కా, వెలుగా?
మూడుసార్లు చూస్తే మూడు చుక్కలయ్యాయి.

పెద్దాసుపత్రిలో ఎవర్నీ అడక్కుండా వెతికాను.
సుఖవ్యాధుల విభాగం అని గోడ మీద.
ఎవరు పెట్టారో ఆ పేరు!
సుఖం ముందు రాసి
వెనకాలే వ్యాధిని తగిలించారు, బాకీ చీటీలా.
బల్ల మీది అరడజను మందీ
గచ్చులో పగుళ్లు లెక్కపెడుతున్నారు.
చోడిపల్లి మసేనమ్మా! అని కేకేశాడు గుమాస్తా,
అచ్చం నేను పాట పాడినట్టే.
నన్నెవరో బుట్టలో పెట్టి కూర్చున్నట్టుంది.

మీ ఆయన? అంది డాక్టరమ్మ.
పోయి ఆరేళ్లు.
ఇంకెవరైనా?
గొంతులో పచ్చి వెలక్కాయ.
నోటితోనా? అంది,
టిఫినయిందా అన్నట్టు.
తలూపాను.
ఆవిడ మొహం ముడుచుకోలేదు. రాసుకుంది, అంతే.
దూదిపుల్ల గొంతు వెనక తిప్పితే
ఓకరింతతో పాటు కళ్లనీళ్లొచ్చాయి.
అందులో ఏడుపెంతో నేను లెక్క కట్టలేదు.

నాలుగు రోజులకే గొంతు తనంతట తనే లేచింది.
చందువలు పాడాను, పారలు పాడాను,
దాలమ్మ చెవులు మూసుకుంది.
ఇంక వెళ్లక్కర్లేదనుకున్నాను.
వెళ్లాను.

నీ నొప్పి అరుపులదీ, ముసురుదీ.
అది పోయింది.
ఇది వేరు, నొప్పెట్టకుండా కూర్చుంది,
అని కాగితం చూపించింది.
గనోరియా అట.
గన్నేరుకి చెల్లెలిలా ఉంది పేరు.
తుంటికి ఒక సూది. తగ్గిపోద్ది అంది.
రెండు వారాలకి మళ్లీ చూస్తానంది.
అతనికి నువ్వే చెప్పాలి, అంది.

గొంతు మళ్లీ అక్కడ పోయింది.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని
మా అమ్మ అంటుంటే నవ్వేదాన్ని.

ఫోనులో నీ పేరు ఐసు అని ఉంటుంది,
ఎవరు చూసినా ఫ్యాక్టరీ అనుకోవాలని.
మూడుసార్లు మాట రికార్డు చేసి చెరిపేశాను.
ఒకసారి తిట్టాను.
ఒకసారి మరీ మెత్తగా వచ్చింది.
ఒకసారి వట్టి గాలే.
ఎవరి నుంచి ఎవరికో నాకు తేలదు.
దిమ్మ కరిగాక
ఏ అంచున మొదలైందని ఎవరడుగుతారు?
కోపం ఉంది.
నీదెంతో నాదెంతో ఇంకా తూకం వెయ్యలేదు.

ఇది నాలుగోసారి.
వెనక ఇంజన్ల మోత, కాకులు,
వినపడకపోతే మళ్లీ పెట్టుకుని విను.
పెద్దాసుపత్రికెళ్లు.
పేరు గట్టిగా పిలుస్తారు, పారిపోకు.
నొప్పి లేదు గదా అని ఉండిపోకు.
నాక్కూడా లేదు.

అన్నట్టు, మంగళవారం మూడు దిమ్మలు తక్కువొచ్చాయి.
ఆ లెక్క కూడా చూడు.