చిల్లర బాకీ

డ్యూటీ దిగి, క్యాష్ కట్టి,
ఖాకీ చొక్కాతోనే పోయినాను సుంకన్న దగ్గరికి.
సి.క్యాంపులో టీ అంగడి బెంచీనే ఆయన ఆఫీసు.
రెండు ఫోన్లు, ఒక రెక్సిన్ సంచి, చెవి మీద పెన్ను.
"ఎనిమిదిన్నర, మేడమ్.
ఇంతకన్నా తక్కువకు కర్నూల్లో ఎవడిస్తాడో నేనూ చూస్తా."
ఇరవై రెండు లక్షలు, ఇరవై ఏండ్లు,
నెలకు పంతొమ్మిది వేల తొంభై రెండు.
టికెట్టు రోలు ముక్క వెనక రాసుకున్నాను,
ప్యాసింజర్లకు చిల్లర బాకీ రాసిచ్చే అలవాటు.

రాత్రి మా అత్త తిమ్మక్క అడిగింది:
"నూటికి ఎంత?"
ఏడాది లెక్క ఆమెకు పట్టదు.
పన్నెండుతో భాగించి చెప్పినాను, డెబ్బై పైసలని.
మిరప తోటకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి
చెవుల కమ్మలు పోగొట్టుకున్న మనిషి, నవ్వింది.
"డెబ్బై పైసలకు ఎవురిస్తారే?
యాడో ఇంకో జేబుంటాది, తడిమి చూడు."

ఉంది.
ఇన్సూరెన్సు, డెబ్బై ఎనిమిది వేలు,
అప్పులోనే కలిపేస్తారంట.
అప్పుకు వడ్డీ, అప్పు మీది భయానికీ వడ్డీ.

బళ్లారి రోడ్డులో అద్దాల ఆఫీసు.
విజయేంద్ర అనే పిల్లోడు మా జాతకాలు
మాకంటే ముందే తెరిచి పెట్టుకున్నాడు.
"మీ స్కోరు బాగుంది మేడమ్. సార్‌దే ఒక మచ్చ.
ఆరేండ్ల కింద సెల్‌ఫోన్ కంతు, రెండు నెలలు లేటు."
నాకు తెలియని ఫోను.
మద్దిలేటి ఏసీ కింద చెమటలు తుడుచుకున్నాడు.
మెట్లు దిగినాక చెప్పినాడు:
"మీ చెల్లెలికి. నీతో అనొద్దన్నది."
బస్టాండు దాకా మాట్లాడుకోలేదు.

కల్లూరు ఎస్టేటులో ఒకామె
మూడుసార్లు రేపు రమ్మనింది.
నాలుగోసారి మేమే పోలేదు.

వన్ టౌన్‌లో జిరాక్స్ అంగడి పక్కన ఖాజా హుసేన్.
జీతమెంతని అడగలేదు.
"ఇల్లు యాడ?"
బుధవారపేట.
"ఎప్పుడు కట్టింది?"
రెండు వేల మూడులో.
పెన్ను కింద పెట్టినాడు.
"తొమ్మిదిలో నీళ్లు యాడిదాకా వచ్చినాయో అడిగినారా?"
రెండు రాత్రులు మిద్దె మీద
పక్కింటోళ్ల మేకతో సహా కూర్చున్నాడంట.
"తలుపు పైపట్టీ దగ్గర గీకి చూడండి.
రంగు అబద్ధం చెప్తాది, గోడ చెప్పదు."

ఆ సాయంత్రమే పోయినాను.
అమ్మేటాయన కాఫీకి లోపలికి పోయిన సందులో
మునివేళ్ల మీద నిలబడి విజిల్ అంచుతో గీకినాను.
గులాబీ కింద నీలం, నీలం కింద సున్నం,
సున్నం లోపల ఒండ్రు రంగు గీత.
నా తలకు జానెడు పైన.
ఈ గదిలో నిలబడి ఉంటే నేను ఉండను.

కాఫీ తాగినాను. గీతను చూపించినాను.
లక్షా డెబ్బై అయిదు వేలు దిగినాడు
ఒక్క మాట మాట్లాడకుండా.

ఖాజా దగ్గరికి కాగితాలన్నీ తీసుకుపోతే
వెనక్కి తోసినాడు.
"నా బ్యాంకుది ఎనిమిది ముప్పావు.
నెలకు మూడు వందల పైన మీకు ఎక్కువ పడతాది.
సుంకన్న దగ్గరికే పొండి.
ఇన్సూరెన్సు వద్దని రాసియ్యండి, గింజుకుంటాడు, ఒప్పుకుంటాడు.
మిగిలిన దాంతో మిద్దె మీద ఒక గది వేసుకోండి."
మరి మీకు?
జిరాక్స్ మిషన్ చప్పుడులో వినబడనట్టు ఊరుకున్నాడు.

మొన్న ఆత్మకూరు బస్సులో ఎక్కినాడు.
టికెట్టు వద్దంటే ఒప్పుకోడు, నా ఉద్యోగమూ ఒప్పుకోదు.
నూరు నోటు తీసుకుని
చిల్లరలో పది రూపాయలు ఎక్కువే వేసినాను, గబగబా.
నందికొట్కూరు దాటినాక
ఆ రష్షులో తోసుకుంటూ ముందుకొచ్చి,
"లెక్క తప్పింది మేడమ్" అని
పది రూపాయల బిళ్ల నా అరచేతిలో పెట్టి
దిగిపోయినాడు.