దారం లేని మిషను

కామాక్షిపాళ్యలో మగ్గాలు రాత్రీ పగలూ ఆడతాయి.
ఆ సద్దులో పుట్టిన బిడ్డ
సద్దుంటేనే నిద్రపోతుంది,
నిశ్శబ్దమైతే ఉలిక్కిపడి లేస్తుంది.
ఇది నాకు ముందు తెలీదు.

నేను ఈ బడిలో ఆయాను.
పంతొమ్మిదేళ్లుగా గంట కొడతాను, నీళ్లు పడతాను,
తాళాలగుత్తి నా నడుముకే.
చౌడేశ్వరి పదో తరగతికొచ్చిన మొదటి వానల్లో
వరండాలో వాంతి చేసుకుంటే కడిగింది నేనే.
కామెర్లేమో అనుకున్నాం.
లేదు, అనుకున్నట్టు నటించినాం.

టి.సి.లో కారణం అని ఒక గడి ఉంటుంది.
గిరిజాంబ మేడం పెన్ను పట్టుకొని చాలాసేపు కూర్చొని
'ఊరు మార్పు' అని రాసింది.
ఆ పిల్ల ఊరేమీ మారలేదు.
రెండు సందుల అవతలే
మగ్గం పక్కన కండెలు చుడుతూ ఉండింది,
మా పొద్దుటి ప్రార్థన వినపడేంత దగ్గర.
కారణమైనవాడు ఐటీఐలో ఫిట్టరు చదువుతున్నాడు.
వాడి గడిలో ఎవరూ ఏమీ రాయలేదు.

మళ్లీ జూన్ వచ్చింది.
ఐదు నెలల బిడ్డను చంకనేసుకొని గేటుకాడ నిలబడి
"లోపలికి రావచ్చా అక్కా?" అనింది.
బడికి రావడానికి
ఆయాను అడిగింది, చూడండి.

"తక్కిన పిల్లలు చెడిపోతారు" అని
మేడం కన్నడంలో అనింది.
నేను తెలుగులో చెప్పినాను:
నాకు పదిహేనేళ్లకు పెద్దోడు పుట్టినాడు మేడం.
నన్ను చూసి ఎవరూ చెడిపోలా.
ఇన్నేళ్లూ పీరియడ్లకు గంట కొట్టినా,
ఒక్క పీరియడ్లోనూ కూర్చోలా.

మేడం ఏమీ అనలేదు.
మూడో రోజు బీరువాలోంచి పాత ఫైలు తీసి
అడ్డగీత కొట్టింది.
"ఊరు తిరిగొచ్చిందని రాసుకుందాం" అనింది.

స్టోర్ రూమ్ ఊడ్చి చీర ఉయ్యాల కట్టినాను.
బిడ్డ ఏడ్చింది. మర్నాడూ ఏడ్చింది.
జోల వద్దు, గిలక్కాయ వద్దు,
పాలు తాగి కూడా ఏడ్చింది.
మూలన క్రాఫ్టు క్లాసు నాటి కుట్టుమిషను.
తుడుద్దామని కాలు పెడితే
టకటకా ఆడింది,
బిడ్డ గొంతు ఆగింది.

అప్పట్నుంచి దారం లేకుండా ఎంత కుట్టినామో.
ఇంటర్వెల్లో పిల్లలు వంతులేసుకొని తొక్కినారు.
ఎవరూ చెడిపోలా.
ఒకడికి పిక్కలు పట్టేసినాయి, అంతే.
పాలవేళకు మాత్రం నా గంటతో పనిలేదు,
బిడ్డే కొడుతుంది.

మార్చి. లెక్కల పరీక్ష. మా బడే సెంటరు.
"ఆ చప్పుడేమి?" అని
బయటినుంచొచ్చిన సారు అడిగినాడు.
"మా బడి చప్పుడు" అనింది మేడం.
మూడు గంటలు తొక్కినాను.
కుడికాలు, ఎడమకాలు, మళ్లీ కుడికాలు.
గోడగడియారం చూస్తే గుండె గుభేలుమనింది:
ఆఖరి గంట కొట్టాల.
కాలు తీస్తే బిడ్డ లేస్తుంది,
తీయకపోతే పరీక్ష ముగియదు.

అంతలో గంట మోగింది.
కిటికీలోంచి తొంగి చూస్తే
గిరిజాంబ మేడం, రెండు చేతులతో కొయ్యసుత్తి పట్టుకొని.
అలవాటు లేదు కదా, ఒక దెబ్బ ఎక్కువే కొట్టింది.

వేళ్లనిండా సిరాతో చౌడి వచ్చింది.
"ఆఖరి లెక్క తప్పు చేసినానక్కా."
నేను కాలు తీసినాను.
బిడ్డ లేచింది.